అధ్యాయం 7: హద్దు గీసుకుంటే చేయి కదులుతుంది

అద్దకం నేర్చుకోవాలని, లినో చెక్కాలని, సొంత చేత్తో నాలుగు రుమాళ్లయినా చేయాలని కోరికున్నవాళ్ల ఇంట్లో ఒక అలమర ఉంటుంది. మూత తీయని రంగు డబ్బాలు, కవరు విప్పని కుంచెలు, ఆన్‌లైన్‌లో తెప్పించిన చెక్కుడు కత్తులు, సేల్‌లో కొన్న గుడ్డ ముక్కలు అందులో సిద్ధంగా ఉంటాయి. ఫోన్ నిండా దాచుకున్న వీడియోలు సరేసరి. పూర్తయిన వస్తువు మాత్రం ఒక్కటీ ఉండదు. ఎందుకని అడిగితే టైం లేదంటారు, మూడ్ రావడం లేదంటారు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదంటారు. మొదటి రెండూ మూడోదానికి వేసిన ముసుగులే. ఏం చేయాలో తేలిపోయినవాళ్లు కుక్కర్ మూడు కూతలు వేసేలోపు కూడా ఎంతో కొంత పని చేసుకుంటారు. తేలనివాళ్లకి ఆదివారమంతా ఖాళీగా ఉన్నా చాలదు.

ఈ అధ్యాయంలో చెప్పేది ఒక్కటే. చేతిపనికి ముందు కావలసింది స్వేచ్ఛ కాదు, హద్దు. ఏ కొలత, ఏ అచ్చు, ఏ రంగు అన్నది ముందే తేల్చేసుకుంటే ఊహకి తిరగడానికి ఒక జాగా దొరుకుతుంది, చేతికి పని దొరుకుతుంది. గుడ్డ మీదా కాగితం మీదా అచ్చులు వేస్తూ జీవితం గడిపినవాళ్లను చూస్తే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది.

పెడనలో పని ఎలా నడుస్తుంది?

కృష్ణా జిల్లాలో మచిలీపట్నానికి పక్కనే ఉన్న పెడన, అచ్చు కలంకారీకి పేరున్న ఊరు. అక్కడ అద్దకం బల్ల దగ్గర నిలబడ్డ మనిషిని కాసేపు గమనించండి. బల్ల మీద గోనె, దాని మీద మడతలు పెట్టిన దుప్పట్లు పరిచి మెత్తగా చేసి ఉంటుంది. పక్కన రంగు ట్రే. టేకు అచ్చును ట్రేలో తేలిగ్గా తాకించి, గుడ్డ మీద ఆనించి, వెనక నుంచి చేత్తో ఒక్క దెబ్బ వేసి ఎత్తేస్తాడు. ఎత్తేటప్పుడు అచ్చును పక్కకి జరపడు, తిన్నగా పైకి తీస్తాడు. అచ్చు మూలన ఉన్న చిన్న చుక్క ముందు పడిన ముద్ర చుక్క మీద కూర్చుంటే వరస కుదిరినట్టు. కూర్చోకపోతే ఆ తేడా గజం పొడుగునా పెరుగుతూ పోతుంది. అందుకే అతని చూపు పువ్వు మీద ఉండదు, చుక్క మీద ఉంటుంది.

ఇక రంగుల సంగతి. నలుపు కోసం ఇనప తుక్కు, బెల్లం, నీళ్లు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. దాన్ని కసిం అంటారు. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డ మీద ఈ కసిం పడితే నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్, కసింలోని ఇనుము కలిస్తేనే ఆ నలుపు పుడుతుంది. కరక్కాయ పట్టని గుడ్డ మీద వేస్తే తుప్పు మరకలా మిగులుతుంది. ఎరుపు కథ ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఎరుపు రావలసినచోట పటిక కలిపిన జిగురును అద్దుతారు. అద్దినప్పుడు అక్కడ ఎరుపు కనిపించదు. ఆ గుడ్డను ఆరబెట్టి, పారే నీటిలో జాడించి, మంజిష్ఠో చిరువేరో వేసిన గంగాళంలో ఉడకబెట్టాక పటిక పడ్డచోట మాత్రమే ఎరుపు నిలబడుతుంది. ఇప్పుడు చాలాచోట్ల వేళ్ల బదులు అలిజరిన్ వాడుతున్నారు కానీ వరస మారలేదు. ముందు పటిక, తర్వాత ఉడుకు.

ఇందులో మనం పట్టుకోవలసినవి రెండున్నాయి. ఈ రోజు ఏం చేద్దామన్న ప్రశ్న అక్కడ పుట్టదు. నిన్న పని ఎక్కడ ఆగిందో అదే ఈ రోజు పనిని చెబుతుంది. గుడ్డ కరక్కాయలో తడిసి ఆరి ఉంటే నలుపు వేయాలి, పటిక పడి ఉంటే జాడించాలి. రెండోది, ఫలితం కంటికి కనిపించకముందే పని సరిగ్గా చేయడం. రంగులేని జిగురును రేఖ తప్పకుండా అద్దేవాడికి ఎరుపు రేపు వస్తుందని తెలుసు. మీరు మొదటి నెలలో చేసే పని చాలావరకు ఇలాంటిదే. చూడ్డానికి ఏమీ ఉండదు, చేయడానికి మాత్రం బోలెడు ఉంటుంది.

నాలుగు రంగులకి, చేతిలో పట్టేంత కొయ్య ముక్కకి కట్టుబడ్డ ఈ పని ఎక్కడిదాకా వెళ్లిందో తెలుసా? మచిలీపట్నం అద్దకాలు పర్షియాకీ, డచ్చి, ఇంగ్లీషు ఓడల్లో యూరప్‌కీ చేరాయి. భారతదేశం నుంచి వచ్చే అచ్చు నూలు గుడ్డల ధాటికి తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో మరింత గట్టి చట్టం చేసింది. ఫ్రాన్స్‌లో 1759 దాకా, ఇంగ్లండ్‌లో 1774 దాకా ఆ నిషేధాలు నడిచాయి. సొంత దేశపు ఉన్ని, పట్టు నేతగాళ్లను కాపాడుకోవడానికి రెండు రాజ్యాలు చట్టాలు చేసుకోవలసి వచ్చింది. మన చేతిలో ఉన్నది నాలుగు రంగులేనని దిగులుపడేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మూడు హద్దులు

ఇప్పుడు మీ వంతు. కాగితం తీసుకుని మూడు విషయాలు రాయండి.

*కొలత.* చిన్నది ఎంచుకోండి. జేబురుమాలు, దిండు గలేబు, భోజనం బల్ల మీద వేసే మ్యాట్, ఏదైనా ఒక్కటే. మొదటి ప్రయత్నానికే చీర జోలికి పోకండి. ఐదున్నర మీటర్ల గుడ్డ మీద మూడో మీటరులో చేయి వణికితే మిగతాదంతా భయంతో నడుస్తుంది. రుమాలు పాడైతే తుడుచుకునే గుడ్డ అవుతుంది, అంతే.

*రంగు.* రెండు చాలు, గుడ్డ రంగు మూడోది. యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాళ్లను చూడండి. నూనెలోనూ, కాల్చిన ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ నానిన నూలుతో, ప్రధానంగా ఎరుపు, నలుపు, తెలుపు రంగులతోనే ఆ చిక్కటి నమూనాలన్నీ వస్తాయి. రంగులు తక్కువైనప్పుడు కన్ను ఆకారం వైపు పోతుంది. ఖాళీ ఎక్కడ వదలాలో, ముదురు ఎక్కడ పడాలో అప్పుడు తెలుస్తుంది. పన్నెండు రంగుల పెట్టె ముందు కూర్చుంటే ఏ రంగు పక్కన ఏది బాగుంటుందో తేల్చుకోవడంతోనే సాయంత్రమైపోతుంది.

*అచ్చు.* ఒక్కటే. చదరంగా ఉన్న ఒక్క అచ్చు. దానితో ఏమొస్తుందని పెదవి విరవకండి, లెక్క వేసి చూడండి. నాలుగు పక్కలా ఒకేలా ఉండని బొమ్మ, ఉదాహరణకి ఒక మూల నుంచి వంగిన ఆకు, చెక్కారనుకుందాం. ఆ అచ్చును నాలుగు దిక్కులకి తిప్పి వేయొచ్చు. రెండు అడ్డం, రెండు నిలువు చొప్పున నాలుగు గళ్లు తీసుకుంటే ఒక్కో గడిలో నాలుగు రకాలు. అంటే 4×4×4×4, మొత్తం 256 అమరికలు. అందులో సగం చూడ్డానికి బాగోవు. తక్కిన సగం చాలు మీకు ఏడాది పాటు పని చెప్పడానికి.

ఈ మూడూ రాసిన కాగితాన్ని అలమర తలుపుకి అంటించండి. దాని మీద లేని వస్తువేదీ వచ్చే మూడు నెలలూ కొనకూడదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు మొదటి రుమాలు చేయకముందే బ్రాండ్ పేరు, లోగో, ఇన్‌స్టాగ్రామ్ పేజీ అంటూ కూర్చునేవాళ్లున్నారు. వాటి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హద్దు లోపలికి తవ్వినవాడు

హద్దు పెట్టుకుంటే పని చప్పబడిపోతుందని కొందరి భయం. ఆ భయం పోవాలంటే చిత్తూరు జిల్లా నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి పని చూడాలి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదువుకుని, లండన్ మీదుగా పారిస్ చేరి, స్టాన్లీ విలియం హేటర్ నడిపిన అటెలియే 17 అనే ప్రింట్ వర్క్‌షాప్‌లో పని చేశాడు. రంగుల ప్రింట్ వేయాలంటే ఒక్కో రంగుకి ఒక్కో ప్లేటు తయారుచేసి, ఒకదాని మీద ఒకటి కచ్చితంగా పడేలా అచ్చు వేయడం అప్పటిదాకా మామూలు పద్ధతి. ఆ వర్క్‌షాప్‌లో మరో దారి వెతికారు. ఒక్క ప్లేటు మీదే, ఒక్కసారి ప్రెస్‌లో పెట్టి అన్ని రంగులూ రావాలి.

పని జరిగే తీరు ఇదీ. ప్లేటును ఎగుడుదిగుడుగా చెక్కుతారు. నూనె ఎక్కువ కలిపి పలచన చేసిన రంగును గట్టి రోలర్‌తో పట్టిస్తే అది పై మట్టానికే అంటుకుంటుంది. తర్వాత చిక్కటి రంగును మెత్తటి రోలర్‌తో పట్టిస్తారు. మెత్తటి రోలర్ పల్లాల్లోకి దిగుతుంది. పలచటి నూనె రంగు ఉన్నచోట చిక్కటి రంగు అంటుకోదు, జారిపోతుంది. అలా రెండు రంగులూ ఒకే రేకు మీద కలవకుండా ఉంటాయి. ఈ పద్ధతిని రూపుదిద్దినవారిలో కృష్ణారెడ్డి ముఖ్యుడు. ఆయన శిల్పి కూడా. రాగి, జింకు ప్లేట్లను శిల్పంలా లోతుగా చెక్కడం అందుకే ఆయన చేతికి సహజంగా వచ్చింది. 1972లో పద్మశ్రీ అందుకున్నాడు, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు.

ఒక్క ప్లేటే అన్నది ఇక్కడ హద్దు. ఆ హద్దును ఒప్పుకున్నాకే నూనె పాళ్లు, రోలర్ మెత్తదనం, చెక్కే లోతు లాంటివి కొత్త పనిముట్లయ్యాయి. రెండో ప్లేటు తీసుకునే వీలుంటే వాటి వైపు ఎవరూ చూసేవారు కాదేమో. మీ రెండు రంగుల విషయంలోనూ ఇదే చేయండి. మూడో రంగు కావాలనిపించినప్పుడల్లా ఉన్న రెండింటిలో ఇంకా చేయనిదేముందో వెతకండి. ఒకటి సగం ఆరాక దాని మీద రెండోది వేశారా? అచ్చుకి రంగు తక్కువ పట్టించి మచ్చలు మచ్చలుగా పడేలా వేశారా? మొదటి ముద్రకి పక్కగా సన్నటి నీడ పడేలా జరిపి వేశారా?

మొదటి రుమాలు: చేసే వరస

1. *గుడ్డ.* కలనేత లేని నూలు గుడ్డ తీసుకోండి. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది, అది వదలకపోతే రంగు పైపైనే ఉండి ఉతుకులో పోతుంది. వేడినీళ్లలో కాస్త సోడా, డిటర్జెంట్ వేసి రాత్రంతా నానబెట్టి బాగా ఉతకండి. ఆరాక ఒక నీటి చుక్క వేసి చూడండి. చుక్క వెంటనే ఇంకితే గుడ్డ సిద్ధం. ముత్యంలా పైనే నిలిస్తే మళ్లీ ఉతకాలి.

2. *బల్ల.* ఉత్త చెక్క మీద అచ్చు వేస్తే ముద్ర సగమే పడుతుంది. పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, మీద ఉతికిన పాత చీర బిగుతుగా కట్టండి. గుడ్డను దాని మీద పిన్నులతో కదలకుండా బిగించండి.

3. *అచ్చు.* మొదట పెద్ద రబ్బరు ముక్కో, లినో ముక్కో చాలు. పెన్సిల్‌తో కాగితం మీద గీసి, ఆ కాగితాన్ని బోర్లా వేసి రుద్దితే బొమ్మ రబ్బరు మీదికి ఎక్కుతుంది. ముద్రలో అది మళ్లీ తిరగబడి మీరు గీసినట్టే వస్తుంది. అక్షరాలకీ ఇదే లెక్క, అచ్చు మీద అద్దంలో కనిపించినట్టు ఉండాలి. కత్తి ఎప్పుడూ ఒంటికి దూరంగా పోవాలి, పట్టుకున్న చేయి కత్తికి వెనకనే ఉండాలి. లినో గట్టిగా ఉంటే కాసేపు ఎండలో పెట్టండి, మెత్తబడి కత్తికి లొంగుతుంది. కొయ్య అచ్చు కావాలనిపిస్తే చెక్కేవాళ్ల దగ్గర చేయించుకోండి. కొత్త అచ్చు పగలకుండా ఉండడానికి దాన్ని కొన్ని రోజులు నూనెలో నానబెడతారు, తొందరపెట్టకండి.

4. *రంగు.* మొదట్లో బైండర్ కలిపిన పిగ్మెంట్ రంగులే సులువు. పళ్లెంలో తడి స్పాంజి పెట్టి దాని మీద రంగు పరచండి. అచ్చును రంగులో ముంచకూడదు, స్పాంజికి తాకించాలి. సన్న గీతల మధ్య రంగు నిండిపోయి బొమ్మ మసకబారితే రంగు ఎక్కువైందని అర్థం. పాత టూత్‌బ్రష్‌తో గీతలు శుభ్రం చేసి మళ్లీ మొదలుపెట్టండి.

5. *పరీక్ష ముద్ర.* ముందు పనికిరాని గుడ్డ మీద, అదే దుప్పటి మెత్తదనం మీద, కనీసం ఐదారు ముద్రలు వేయండి. చేతి బరువు ఎంత కావాలో అక్కడే తెలుస్తుంది.

6. *అద్దకం.* గుడ్డ మీద సుద్దతోనో దారం బిగించో గీతలు పెట్టుకోండి. ఒక మూల నుంచి మొదలుపెట్టి మీ చేయి తడి ముద్రల మీద ఆనని దిశలో సాగండి. ఒక్క దెబ్బ, తిన్నగా పైకి.

7. *ఆరబెట్టడం, ఇస్త్రీ.* నీడలో ఒక రోజు పూర్తిగా ఆరాక, వెనక వైపు నుంచి, డబ్బా మీద రాసినంతసేపు ఇస్త్రీ చేయండి. వేడి తగలకపోతే పిగ్మెంట్ గుడ్డను పట్టుకోదు. మొదటి ఉతుకుకి కొన్ని రోజులు ఆగండి.

ప్రూఫ్ పారేయకండి

ప్రూఫులను, అంటే పరీక్ష ముద్రలను, చెత్తబుట్టలో వేయడం అందరికీ ఉన్న అలవాటు. ప్రింట్‌మేకర్లు అలా చేయరు. ప్లేటు మీద కొంత పని చేశాక ఒక ముద్ర తీసి చూస్తారు, మళ్లీ చెక్కుతారు, మళ్లీ తీస్తారు. ఒక్కో దశలో తీసిన ముద్రను స్టేట్ అంటారు. చిత్రకారుడు రెంబ్రాంట్ 1653లో చేసిన ‘మూడు శిలువలు’ ఇందుకు పెద్ద ఉదాహరణ. రాగి రేకు మీద సూదితో గీసిన ఆ బొమ్మకి ముద్రలు తీశాక, తర్వాతి రోజుల్లో అదే రేకును తిరగ చెక్కాడు. కొన్ని మనుషుల బొమ్మలు చెరిపేశాడు, బరువైన నిలువు గీతలతో చీకటి నింపాడు. మొదటి దశ ముద్రలు మిగిలాయి కాబట్టే ఆయన మనసు ఎటు మళ్లిందో ఇవాళ మనం పక్కపక్కన పెట్టి చూడగలుగుతున్నాం.

మీరు ఒక గట్టి అట్ట నోటు పుస్తకం పెట్టుకోండి. ప్రతి కూర్చునే వేళకి ఒక పేజీ. ఎడమ వైపు అరచేయంత గుడ్డ ముక్క అతికించండి. కుడి వైపు ఐదు సంగతులు రాయండి: తేదీ, గుడ్డ రకం, రంగు పాళ్లు, అచ్చు, ఈసారి తేడా ఏం చేశాను. బాగుందా లేదా అని రాయకండి. రంగు చిక్కబడి ముద్ర అంచులు ఉబ్బాయి అని రాస్తే రేపు పనికొస్తుంది. ఛండాలంగా వచ్చింది అని రాస్తే రేపు ఆ పుస్తకమే తెరవబుద్ధి కాదు. మూడు నెలల తర్వాత ఆ పుస్తకం మీ గురువు. ఏ పాళ్లలో ఆ ఇటుక ఎరుపు వచ్చిందో మీ జ్ఞాపకం చెప్పలేదు, పేజీ చెబుతుంది.

పనిని ముక్కలు చేయండి

ఉద్యోగం, పిల్లల హోంవర్కు, వంట మధ్య నాలుగు గంటలు ఏకబిగిన దొరకవు. అయితే ఈ పనికి ఒక సుగుణముంది. దాని దశలన్నిటికీ ఒకే రకమైన శ్రద్ధ అక్కర్లేదు. నానబెట్టడం, ఆరబెట్టడం మీరు నిద్రపోతున్నా జరుగుతాయి. గుడ్డ కత్తిరించడం, అంచులు కుట్టడం టీవీ ముందు చేసుకోవచ్చు. చెక్కడానికి ఇరవై నిమిషాల నిశ్శబ్దం చాలు, పైగా చెక్కేటప్పుడు ఎప్పుడు ఆపినా నష్టం లేదు. అద్దకానికి మాత్రం మధ్యలో ఎవరూ పిలవని రెండు గంటలు కావాలి, ఎందుకంటే రంగు ఆగదు.

కాబట్టి వారానికి ఒక్కసారి ఆ రెండు గంటలు ఖాయం చేసుకుని ఇంట్లో చెప్పండి. ‘ఏమండీ, ఆదివారం పొద్దున పది దాకా నన్ను పిలవకండి, టిఫిన్ మీ వంతు’ అని ముందే తేల్చేయడంలో మొహమాటం అక్కర్లేదు. తక్కిన పనులన్నీ వారం పొడుగునా చిన్న చిన్న ఖాళీల్లో ఇరికించండి. ప్రతిసారీ లేచేముందు తర్వాత చేయాల్సిన పనికి సరంజామా బయట పెట్టి లేవండి. గుడ్డ నానబెట్టి లేస్తే మర్నాడు అది మిమ్మల్ని పిలుస్తుంది. పెడనలో నిన్నటి పని ఈ రోజు పనిని చెప్పినట్టే, మీ ఇంట్లోనూ చెబుతుంది.

ముగింపు సంఖ్య ముందే రాసుకోండి

మొదలుపెట్టినవి పూర్తి చేయలేకపోవడం చాలామంది బాధ. ప్రింట్‌మేకర్ల దగ్గర దీనికి చక్కటి ఏర్పాటుంది. ఒక ప్లేటు నుంచి ఎన్ని ముద్రలు తీయాలో ముందే తేల్చుకుంటారు. దాన్ని ఎడిషన్ అంటారు. ముద్ర కింద ఎడమ వైపు 3/20 అని పెన్సిల్‌తో రాసి ఉంటే, మొత్తం ఇరవైలో ఇది మూడోదని అర్థం. కుడి వైపు సంతకం. ఇరవై పూర్తయ్యాక ఇంకెవరూ తీయకుండా ప్లేటును గీతలు కొట్టి రద్దు చేయడం కూడా ఉంది.

ఈ పద్ధతిని అరువు తెచ్చుకోండి. మీ మొదటి అచ్చుకి పన్నెండు రుమాళ్లు అనుకోండి. ప్రతి దాని మూలన చిన్నగా 1/12, 2/12 అని వేయండి. నాలుగోదానికి విసుగొస్తుంది. ఏడోదానికి చేయి తిరుగుతుంది. తొమ్మిదోది వేసేసరికి మొదటిది మీకే నచ్చదు. ఆ నచ్చకపోవడమే మీరు నేర్చుకున్న దానికి రుజువు. కానీ సంఖ్య పన్నెండు, కాబట్టి పన్నెండూ చేయాల్సిందే. మూడోది చేశాక అచ్చు మార్చేసేవాళ్లకి ఏడోదానిలో వచ్చే నైపుణ్యం ఎప్పటికీ అందదు. పన్నెండూ అయ్యాక ఆ అచ్చును పక్కన పెట్టేయండి. అడిగారు కదా అని పదమూడోది వేయకండి. కొత్త అచ్చుకి చోటు అలా దొరుకుతుంది.

ధర చెప్పేటప్పుడు

పరిచయస్తులు చూసి బాగుందంటారు, ఎంత అంటారు. అక్కడ చాలామంది నోరు పెగలక, ‘మీకేముందిలెండి, ఊరికే తీసుకోండి’ అనేస్తారు. ఊరికే ఇవ్వడం మీ ఇష్టం, కానీ దాని ధరెంతో తెలిసి ఇవ్వండి. లెక్క ఇలా వేయొచ్చు. గుడ్డ 60 రూపాయలు, రంగు 15, అచ్చు అరుగుదల 5, ఇస్త్రీ, ప్యాకింగ్ 20 అనుకుందాం. సామాను ఖర్చు 100. కత్తిరించి, అద్ది, అంచు కుట్టడానికి గంట పట్టింది, మీ గంటకి 120 కట్టుకున్నారు. మొత్తం 220. పదింటిలో ఒకటి పాడవుతుంది కాబట్టి పది శాతం కలిపితే 242. దుకాణంలో పెడితే వాళ్లు 30 శాతం తీసుకుంటారనుకోండి, మీ చేతికి 242 రావాలంటే ధర 350 దగ్గర ఉండాలి.

ఆ సంఖ్య మరీ ఎక్కువనిపిస్తే గంట ధర తగ్గించుకోకండి. ముందు పని వరస చూడండి. పన్నెండు రుమాళ్లు ఒకేసారి కత్తిరించి, ఒకేసారి అద్ది, ఒకేసారి కుడితే ఒక్కోదానికి పట్టే టైం తగ్గుతుంది. కొలతను బట్టలో తుండు మిగలకుండా సరిచేస్తే గుడ్డ ఖర్చు తగ్గుతుంది. ఇక్కడా మీకు సాయం చేసేది హద్దే. ఒక్కో రుమాలుకి ఒక్కో కొలత, ఒక్కో డిజైన్ అయితే ఈ లెక్క ఎప్పటికీ తెగదు.

హద్దు ఎవరు గీశారు?

ఇప్పటిదాకా చెప్పినవన్నీ మనంతట మనం గీసుకునే హద్దులు. జీవితంలో ఎవరో గీసి చేతికిచ్చే హద్దులు కూడా ఉంటాయి. వాటిని గొప్పవని పొగడనక్కర్లేదు. వాటితో ఏం చేయాలో మాత్రం తెలియాలి.

1899లో బెర్లిన్‌లో పుట్టిన అన్నీ ఆల్బర్స్ చిత్రకారిణి కావాలనుకుంది. 1922లో జర్మనీలోని బౌహౌస్ కళాశాలలో చేరింది. అక్కడ ఆడపిల్లలను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. ఆమెకి నేత మీద మొదట ఏమంత ఇష్టం లేదు. అయినా మగ్గం ఎక్కాక నిలువు పోగు, అడ్డ పోగు అన్న నియమం లోపలే ఎంత జాగా ఉందో చూడడం మొదలుపెట్టింది. నూలుతో పాటు సెలొఫేన్ కలిపి, ఒక వైపు శబ్దాన్ని పీల్చుకుని మరో వైపు వెలుతురును తిప్పికొట్టే గోడ వస్త్రాన్ని తయారుచేసింది. అది బెర్నౌలోని ఒక కార్మిక సంఘాల పాఠశాల సభామందిరం కోసం. నాజీల ఒత్తిడితో 1933లో బౌహౌస్ మూతపడ్డాక భర్త జోసెఫ్‌తో అమెరికా వెళ్లింది. 1949లో న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ఆమె నేతలతో ప్రదర్శన జరిగింది. నేత కళాకారిణి ఒక్కరి పనితోనే అక్కడ ప్రదర్శన పెట్టడం అదే మొదలు.

అక్కడితో ఆగలేదు. 1963లో లాస్ ఏంజెలిస్‌లోని టామరిండ్ లితోగ్రఫీ వర్క్‌షాప్‌కి భర్తతో పాటు వెళ్లినప్పుడు, మీరూ ఒకసారి చేసి చూడండని ఆమెను పిలిచారు. అప్పటికి అరవై దాటాయి. లితోగ్రఫీలో బొమ్మ గీసే రాయి మీద గీత గీసి చూసింది. మగ్గం మీద నిలువుగా, అడ్డంగా మాత్రమే నడిచే పోగు ఇక్కడ మెలికలు తిరగొచ్చు, ముడిపడొచ్చు, గాలిలో తేలొచ్చు. మరుసటి ఏడాదే దారాల్లాంటి ఆ గీతలతో ఒక లితోగ్రాఫుల సంపుటి వచ్చింది. మెల్లగా నేత మానేసి ఆఖరిదాకా ప్రింట్లే చేసింది.

ఆమె చేసినదాన్ని వరసలో చూడండి. ఎవరో ఇచ్చిన హద్దులో ముందు పనితనం సంపాదించింది. ఆ హద్దును అది సాగినంత మేర సాగదీసింది. దాని లోపల కొత్తగా నేర్చుకునేది తగ్గిందనిపించాక, వయసును పట్టించుకోకుండా మరో దాంట్లోకి వెళ్లింది. వెళ్తూ పోగును మాత్రం వెంట తీసుకెళ్లింది. మీ హద్దు మార్చే వేళ వచ్చిందో లేదో తెలుసుకోవడానికి మీ నోటు పుస్తకమే చాలు. చివరి ఆరు పేజీల్లో ‘ఈసారి తేడా’ అన్నచోట రాయడానికి ఏమీ దొరకకపోతే మార్చండి. మూడు హద్దుల్లో ఒక్కదాన్నే మార్చండి. కొలత మారిస్తే అచ్చు, రంగు అలాగే ఉంచండి. మూడూ ఒకేసారి మారిస్తే మళ్లీ అలమర ముందు నిలబడతారు.

ఈ నెల మీ పని

*మొదటి వారం:* కొలత, రెండు రంగులు, ఒక అచ్చు కాగితం మీద రాసి అంటించండి. గుడ్డ ఉతికి నీటి చుక్క పరీక్ష చేయండి. అచ్చు గీసి చెక్కడం మొదలుపెట్టండి.

*రెండో వారం:* అచ్చు పూర్తి చేయండి. పాత గుడ్డ మీద ముద్రలు వేసి, నోటు పుస్తకంలో మొదటి పేజీ నింపండి. అచ్చును నాలుగు దిక్కులకి తిప్పి పది అమరికలు చూడండి, ఒక్కటి ఎంచుకోండి.

*మూడో వారం:* పన్నెండు రుమాళ్లు కత్తిరించి, ఆదివారం రెండు గంటల్లో మొదటి నాలుగూ అద్దండి. చూసి, రాసి, చేతి బరువు సరిచేసుకోండి.

*నాలుగో వారం:* తక్కిన ఎనిమిదీ అద్ది, ఇస్త్రీ చేసి, అంచులు కుట్టి, అంకెలు వేయండి. మొదటిదీ చివరిదీ మీ దగ్గరే ఉంచుకుని పదింటిని ఇచ్చేయండి లేదా అమ్మేయండి.

తర్వాతి అధ్యాయం ఎక్కడికీ పోదు. ముందు లేచి ఒక బకెట్ వేడినీళ్లు పెట్టి ఆ గుడ్డకున్న గంజి వదిలించండి.